నీళ్లెన్ని కాదు, లోతెంత?



మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి, స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. అందరిలాగే నేనూ బడి ముందరి వేపచెట్టు గురించి, సాయంత్రం పూట ఆడిన కబడ్డీ గురించి రాద్దామనుకున్నాను. కానీ వాటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి చెరువులు, తూములు, కాలువలు, గేట్లు. అందుకని మన బడిలో విన్న ఒక పాఠం, మన కాలువకు నీళ్లిచ్చే తుంగభద్ర చరిత్ర, ఆ రెండింటికీ ఉన్న సంబంధం రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఇన్నాళ్లూ అది ఎవరికీ చెప్పలేదు.

డాల్డా డబ్బా పాఠం

నేను తొమ్మిదో తరగతి చదివింది 1971-72లో. అప్పటి మన సైన్సు సారు పేరు నా తరం వాళ్లందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఆయనకు పేరు అచ్చులో చూసుకోవడం ఇష్టముండేది కాదు కూడా. ద్రవ పీడనం పాఠం రోజు సారు ఇంటి నుంచి ఒక ఖాళీ డాల్డా డబ్బా తెచ్చారు. దానికి ఒక పక్క పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి, మూడు రంధ్రాలు పొడిచి ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ ఉంది: పై రంధ్రం నీళ్లు దగ్గరగా పడతాయి, నడిమి రంధ్రం నీళ్లు కొంచెం దూరం, అడుగు రంధ్రం నీళ్లు అన్నిటికన్నా దూరం.

సారు డబ్బాను వరండా నేల మీద పెట్టి నీళ్లు నింపారు. మేమంతా చుట్టూ మూగాం. నీళ్లు బొమ్మలో ఉన్నట్టు పడలేదు. నడిమి రంధ్రం నుంచి వచ్చిన ధార అన్నిటికన్నా దూరం పడింది! ‘డబ్బా చెడిపోయింది సార్’ అన్నాడొకడు. సారు నవ్వి, డబ్బాను ఎత్తైన స్టూలు మీద అంచున పెట్టి మళ్లీ నింపమన్నారు. ఈసారి అడుగు ధార అన్నిటినీ దాటుకొని దూరం పడింది.

‘డబ్బా అదే, నీళ్లూ అవే. ఏం మారింది?’ అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయాం. ఆయనే చెప్పారు. అడుగు రంధ్రం దగ్గర పీడనం ఎప్పుడూ ఎక్కువే, నీళ్లు ఎప్పుడూ ఎక్కువ వేగంతోనే బయటికి వస్తాయి. కానీ డబ్బా నేల మీద ఉంటే ఆ ధారకు ముందుకు పోయేంత వ్యవధి ఉండదు, వచ్చీ రాగానే నేలను తాకుతుంది. స్టూలు మీద పెడితే కింద పడడానికి వ్యవధి దొరుకుతుంది, అందుకని దూరం పోతుంది. ‘నీళ్లు ఎంత గట్టిగా తోస్తున్నాయి అనేది ఒక ప్రశ్న. ఎంత దూరం పడుతున్నాయి అనేది ఇంకో ప్రశ్న. నువ్వు అడుగుతున్నది ఏ ప్రశ్నో ముందు తెలుసుకో. తర్వాత సూత్రం రాయి’ అన్నారు.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేశారు. ‘మన ఊరి దిగుడుబావిలో ఇరవై అడుగుల నీళ్లున్నాయి. పెద్ద చెరువులో కట్ట దగ్గర కూడా ఇరవై అడుగుల నీళ్లున్నాయి. అడుగున పీడనం దేనిలో ఎక్కువ?’ తరగతి మొత్తం ఒక్క గొంతుతో ‘చెరువులో’ అన్నాం. తప్పు. రెండింటిలోనూ ఒక్కటే. ద్రవ పీడనం లోతును బట్టి, సాంద్రతను బట్టి ఉంటుంది. వెనక ఎన్ని ఎకరాల నీళ్లున్నాయన్న దానితో దానికి పని లేదు.

ఇది మనకే కాదు, ఒకప్పుడు ప్రపంచానికే నమ్మశక్యం కాని మాట. సముద్రానికి గట్లు కట్టుకొని బతికే హాలండులో పనిచేసిన సైమన్ స్టెవిన్ 1586లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని లెక్కకట్టి చూపించాడు. ఫ్రాన్సులో పాస్కల్ ఇదే విషయాన్ని ఇంకా స్పష్టంగా రాశాడు. ఆ పుస్తకం ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1663లో వెలువడింది. ఇప్పుడు మన పిల్లలు పీడనాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఆ ఏడాది పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. నాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. పాఠం వచ్చేసిందనుకున్నాను.

గోడ నుంచి తలుపు దాకా

ఇప్పుడు మన కాలువ సంగతి. మన ఊరి పొలాలకు వచ్చేది తుంగభద్ర దిగువ కాలువ నీళ్లని అందరికీ తెలుసు. ఆ నీళ్ల వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది.

తుంగభద్రకు అడ్డుకట్ట వేయడం కొత్త కాదు. హంపి చుట్టుపక్కల విజయనగర రాజుల కాలంలో బండరాళ్లతో కట్టిన ఆనకట్టల నుంచి తీసిన కాలువల్లో కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి. ఆ ఆనకట్టలకు నీళ్లను నిల్వ పెట్టే ఉద్దేశం లేదు. నది మట్టాన్ని కొంచెం ఎత్తి, కొన్ని నీళ్లను పక్కకు మళ్లిస్తాయి. వరద వస్తే గోడ మీదుగా పొర్లిపోతుంది. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య కట్టించిన ఆనకట్ట, ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకు కట్టి 1855లో పూర్తిచేసిన ఆనకట్ట కూడా ఆ తరహావే.

పొర్లిపోయే గోడతో ఒక చిక్కుంది. వేసవికి నీళ్లు మిగలాలంటే గోడ ఎత్తు పెంచాలి. గోడ ఎత్తు పెంచితే వరద వచ్చినప్పుడు వెనక ఊళ్లు మునుగుతాయి. ఈ చిక్కుకు విడుపు ఒక్కటే, అవసరమైతే మూసుకొని అవసరమైతే తెరుచుకునే గోడ. అంటే తలుపు. కృష్ణా ఆనకట్టకు 1952లో గండి పడ్డాక దాని చోట 1957 నాటికి ప్రకాశం బ్యారేజీని గేట్లతో కట్టింది అందుకే. తుంగభద్ర డ్యాముకు కూడా రాతి కట్టడం పైన గేట్లు పెట్టింది అందుకే.

తుంగభద్ర నీళ్లు రాయలసీమకు మళ్లించాలన్న ఆలోచన 1860లోనే కాటన్ చేశాడు. తర్వాత 1876-78లో ధాత కరువు వచ్చి ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. మా ముత్తాతల కాలపు ఆ కరువు కథలు మనలో చాలామంది ఇళ్లల్లో వినే ఉంటారు. అయినా మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రభుత్వాల మధ్య నీళ్ల పంపకం తేలేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. మద్రాసుకు హైదరాబాదుకు 1944లో ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న నదికి రెండు ఒడ్డులా రెండు ప్రభుత్వాల వాళ్లు శంకుస్థాపన చేశారు. 1953లో నీళ్లు వదిలారు. మద్రాసు వైపు పని నడిపించిన ఇంజనీరు తిరుమలై అయ్యంగార్. డ్యాములో ఎక్కువ భాగం సిమెంటుతో కాక సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో రాయి పేర్చి కట్టారు. నీటి తోపుడుకు ఆ కట్టడం తన బరువుతోనే నిలబడుతుంది. అది కూడా మనం బళ్లో చదివిన బలాల పాఠమే.

ఆ రాతి కట్టడం పైన 33 గేట్లున్నాయి. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. జలాశయం నిండు మట్టం 1633 అడుగులు. గేట్ల అడుగు 1613 అడుగుల దగ్గర ఉంటుంది. కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక చేరి చేరి ఇప్పుడు 105.788 టీఎంసీలకు వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. జలాశయం వెడల్పాటి పళ్లెం లాంటిది, పైకి పోయే కొద్దీ విస్తరిస్తుంది. అందుకని పైనున్న ఆ 20 అడుగుల్లోనే మొత్తం నిల్వలో సగానికి పైగా ఉంటుంది. అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రైతులు నమ్ముకున్న నీళ్లలో సగానికి పైగా రాతి గోడ కాదు, ఆ ఇనుప తలుపులు పట్టుకొని ఉన్నాయి.

ఒక్క తలుపు మీద ఎంత బరువు?

ఒక్క గేటు మీద నిండు మట్టంలో నీళ్లు ఎంత బలంతో తోస్తాయో తెలుసుకోవడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు. ఒక ఘనపు అడుగు నీళ్లు దాదాపు 28.3 కిలోలు. గేటు పైఅంచున లోతు సున్నా, కింది అంచున 20 అడుగులు, కాబట్టి సగటు లోతు 10 అడుగులు. సగటు పీడనం చదరపు అడుగుకు 283 కిలోలు. గేటు వైశాల్యం 1200 చదరపు అడుగులు. రెండూ గుణిస్తే 3,39,600 కిలోలు. అంటే సుమారు 340 టన్నులు.

ఈ లెక్కలో ఎక్కడా 105 టీఎంసీలు రాలేదు, చూశారా? గేటు వెనక రెండడుగుల దూరంలో ఇంకో గోడ ఉండి, ఆ సందులో మాత్రమే నీళ్లున్నా, లోతు 20 అడుగులే అయితే గేటు మీద పడేది అదే 340 టన్నులు.

అంత తోపుడు ఉన్న తలుపును పైకి లాగాలంటే రెండు బలాలను గెలవాలి. ఒకటి తలుపు బరువు, రెండు ఘర్షణ. తలుపు బరువును సరితూచడానికి గొలుసుకు రెండో కొసన కౌంటర్ వెయిట్ కడతారు. త్రాసులో రెండు పళ్లేలు సమంగా ఉంటే వేలితో కదపవచ్చు కదా, అదే సూత్రం. ఘర్షణను తగ్గించడానికి తలుపు పక్కల చక్రాలు పెడతారు. జారడం కన్నా దొర్లడం తేలిక అన్నది ఎనిమిదో తరగతి పాఠం. నీళ్లు తలుపును ఎంత గట్టిగా గాడికేసి అదిమితే ఘర్షణ అంత పెరుగుతుంది. చక్రాలు తుప్పు పట్టి తిరగకపోతే గొలుసు మీద పడే భారం ఎన్నో రెట్లవుతుంది. ఈ వాక్యం దగ్గరే నా తప్పు ఉంది.

నేను మరిచిపోయిన పాఠం

అది 1981. నేను జూనియర్ ఇంజనీరుగా చేరి రెండేళ్లయింది. వేరే జిల్లాలో ఒక పెద్ద చెరువు. ఊరి పేరు అక్కర్లేదు. తూము షట్టరు బాగుచేయడానికి దాని ముందు అయిదడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు ఉన్న ఇనుప పలకను గాడిలోకి దించి నీళ్లు ఆపాం. షట్టరు పని ముగిసింది. ఇక పలక తీసేస్తే నీళ్లు వదలవచ్చు. కింద నారుమళ్లు ఎండుతున్నాయి, రైతులు కట్ట మీద కూర్చొని ఉన్నారు. నా మీద ఒత్తిడి ఉంది.

పలక బరువు అర టన్ను. దాన్ని లేపడానికి రెండు టన్నుల చెయిన్ బ్లాకు తెప్పించాను. నాలుగు రెట్ల సామర్థ్యం, ధైర్యంగా ఉన్నాను. లాగారు. కదల్లేదు. ఇంకా లాగమన్నాను. ముసలి లస్కరు ఒకాయన దగ్గరికి వచ్చి, ‘సారూ, అది బరువై రావడం లేదు, నీళ్లు పట్టుకోనున్నాయి. ముందు లోపల నీళ్లు నింపుదాం’ అన్నాడు. నాకు ఆయన మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ‘ఇంకో ఇద్దరు పట్టండి’ అని అరిచాను. కొక్కెం తెగి, గొలుసు ఎగిరి వెనక్కి వచ్చింది. కడ్డీ పట్టుకొని నిలబడిన కూలీ కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

అతన్ని ఎద్దుల బండిలో రోడ్డు దాకా, అక్కణ్ణించి లారీలో ఆసుపత్రికి తీసుకుపోయాం. నేను తిరిగి వచ్చేసరికి మరునాటి పొద్దు. ఆ లస్కరు రైతుల దగ్గర రెండు డీజిల్ ఇంజన్లు అడిగి తెచ్చి, చెరువు నీళ్లు తోడి పలకకూ షట్టరుకూ మధ్య ఉన్న తూము బావిలోకి నింపుతున్నాడు. మధ్యాహ్నానికి రెండు పక్కలా మట్టం సమానమైంది. చెయిన్ బ్లాకు పెద్దగా శ్రమ లేకుండానే పలకను లేపింది.

ఆ సాయంత్రం కట్ట మీద కూర్చొని నోటు పుస్తకంలో లెక్క వేశాను. పలక నడిమి భాగం నీటి మట్టానికి పది అడుగుల లోతున ఉంది. చదరపు అడుగుకు 283 కిలోలు, 25 చదరపు అడుగులు. మొత్తం ఏడు టన్నులు! తుప్పు పట్టిన గాడిలో ఇనుము మీద ఇనుము రాసుకుంటే ఘర్షణ గుణకం 0.4 వేసుకున్నా దాదాపు 2.8 టన్నులు. దానికి పలక బరువు అర టన్ను కలపండి. రెండు టన్నుల సామానుతో మూడు టన్నులకు పైగా లాగాలని చూశాను. రెండో పక్క కూడా నీళ్లు నింపితే రెండు వైపుల తోపుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మిగిలేది పలక బరువే.

లెక్క అయిదు వరసల్లో అయిపోయింది. అందులో తొమ్మిదో తరగతికి మించింది ఏదీ లేదు. ఆ ప్రశ్నకే నాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మరి కట్ట మీద ఎందుకు గుర్తు రాలేదు? ఎందుకంటే నేను ‘పలక ఎంత బరువు?’ అని అడిగాను. అడగవలసింది ‘నీళ్లు దాన్ని ఎంత గట్టిగా అదుముతున్నాయి?’ అని. సారు చెప్పిన మాట అదే, నువ్వు అడుగుతున్నది ఏ ప్రశ్నో ముందు తెలుసుకో అని. బడికి పోని లస్కరుకు ఆ ప్రశ్న తెలుసు. ఇంజనీరింగు చదివిన నాకు తెలియలేదు.

వేళ్లు పోయిన మనిషికి శాఖ నుంచి రావలసిన పరిహారం ఇప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. తర్వాత అతను చెరువు కావలి పని చేసుకుంటూ బతికాడు. నేను ఎప్పుడు కనిపించినా ఎడమ చేత్తో దండం పెట్టేవాడు. దానికి బదులు ఎలా పెట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

2024 ఆగస్టు

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లారేసరికి మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిండా వార్తలు. ‘డ్యాము పోయిందంట’ అని ఒకరు, ‘105 టీఎంసీలు మీద పడితే మనం ఉంటామా’ అని ఒకరు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డు ఊళ్లను అప్రమత్తం చేశారు. అక్కడ మన మిత్రుల ఇళ్లున్నాయి. నాకు వరసగా ఫోన్లు వచ్చాయి.

నేను ఫోనులో చెప్పింది ఇంతే. ముందు ప్రశ్న సరిగా అడుగుదాం. ఎన్ని టీఎంసీలు ఉన్నాయని కాదు, తెరుచుకున్న దారి ఎంత, దాని మీద నీళ్ల లోతెంత అని. రాతి కట్టడం చెక్కుచెదరలేదు. పోయింది 33లో ఒక్క తలుపు. ఆ 33 గేట్లూ కలిసి వదలగల వరద 6.5 లక్షల క్యూసెక్కులని డ్యాము లెక్క. అంటే నిండు మట్టంలో ఒక్కో గేటుకు సుమారు 20 వేలు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. కాబట్టి ఆ ఒక్క దారిన రోజుకు పోయేది రెండు టీఎంసీల లోపే. పైగా మట్టం తగ్గే కొద్దీ అదీ తగ్గుతుంది. 1613 అడుగుల కిందికి ఆ దారిన ఒక్క చుక్క పోదు. తలుపు మీద భారం తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదిలారు, కాబట్టి నదిలో వరద ఉంటుంది, ఒడ్డున ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కానీ ఊళ్లు తుడిచిపెట్టుకుపోయే ప్రళయం రాదు.

భయం తగ్గాక అసలు బాధ మిగిలింది. కొత్త తలుపు పెట్టాలంటే జలాశయాన్ని గేట్ల అడుగు దాకా ఖాళీ చేయాలన్న మాట మొదట వినిపించింది. అంటే సగానికి పైగా నీళ్లు నది పాలు. ఆగస్టు నెల, నాట్లు పడిన కాలం. మన కాలువ కింద మిరప, పత్తి వేసినవాళ్లకు ఆ మాట పిడుగులాంటిది.

అప్పుడు గేట్ల పనిలో చేయి తిరిగిన కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యంలో నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ దించాలని నిర్ణయించారు. 60 అడుగుల వెడల్పు, నాలుగేసి అడుగుల ఎత్తు ఉన్న అయిదు ఇనుప పలకలు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే 20 అడుగులు. ఆగస్టు 16న మొదటి పలక దిగింది. 17కల్లా అయిదూ దిగాయి, నీళ్లు ఆగాయి. మిగిలిన నిల్వ మన పంటలకు దక్కింది.

నిండు మట్టంలో నిలకడ నీళ్లున్నాయనుకొని ఆ అయిదు పలకల మీద పడే తోపుడు లెక్కవేసి చూడండి. పై పలక మీద సుమారు 13.6 టన్నులు. దాని కింద 41, తర్వాత 68, తర్వాత 95, అడుగు పలక మీద 122 టన్నులు. 1, 3, 5, 7, 9. బేసి సంఖ్యల వరస! కింద పడే రాయి మొదటి సెకనులో ఎంత దూరం పోతుందో దానికి మూడు రెట్లు రెండో సెకనులో, అయిదు రెట్లు మూడో సెకనులో పోతుందని గెలీలియో చెప్పినట్టు చదువుకున్నాం. అదే వరస ఇక్కడా వచ్చింది. పారే నీళ్లలో లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది, దానికి అనుభవం కావాలి. కానీ పలకలన్నీ ఒకే కొలత అయినా వాటి కష్టం ఒకటి కాదని పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

2025 వానాకాలంలో జలాశయాన్ని 80 టీఎంసీలకే పరిమితం చేశారు. మొత్తం 33 గేట్లనూ మార్చాలని నిర్ణయం జరిగింది. ‘పాతిక టీఎంసీలు ఎందుకు వదులుకోవాలి’ అని మన మిత్రులు కొందరు కోపగించుకున్నారు. రైతుల కోపం న్యాయమైనదే. లెక్క కూడా చూద్దాం. గేటు మీద తోపుడు లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. 20 అడుగుల బదులు 13 అడుగులే నిలబెడితే తోపుడు 340 టన్నుల నుంచి దాదాపు 144 టన్నులకు దిగుతుంది. నీళ్ల లోతు మూడో వంతు తగ్గితే భారం సగానికన్నా ఎక్కువ తగ్గింది. డెబ్బై ఏళ్ల గొలుసుకు అది పెద్ద ఊరట.

మన బడికి ఒక విన్నపం

ఇప్పుడు మన బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన రోజులకన్నా ఇప్పుడు ల్యాబు బాగుంది, మన సంఘం ఇచ్చిన కంప్యూటర్లు కూడా ఉన్నాయి. వాటితోపాటు ఏడాదికి ఒక్క పూట పిల్లలను కాలువ గట్టుకు తీసుకుపోండి. ఒక చెక్క ముక్క నీళ్లలో వేయించి, వంద అడుగులు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వాచీ చూసి చెప్పమనండి. కాలువ వెడల్పు, లోతు కొలిపించండి. వేగాన్ని వైశాల్యంతో గుణించి, అడుగున గట్టు రాపిడికి వేగం తక్కువ కాబట్టి 0.85తో గుణిస్తే ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో తేలుతుంది. పిల్లలను గట్టు మీదే ఉంచి, లోతు కొలిచే పని మాత్రం లస్కరుకు అప్పగించండి. మన కాలువకు రావలసిన నీళ్లు వస్తున్నాయో లేదో తమ లెక్కతో చెప్పగల పిల్లలు ఈ ఊరికి కావాలి. ఆ లస్కరును కూడా పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడనివ్వండి.

ఇంకొకటి. స్వర్ణోత్సవ కానుకగా నా వంతు ఒక చిన్న వస్తువు ల్యాబుకు ఇస్తున్నాను. అద్దాల తొట్టి, దాని మధ్య గాడిలో జారే ఇనుప పలక, పైన కప్పీ, త్రాడు, తూకపు కొక్కెం. ఒక పక్కే నీళ్లు నింపి పలకను లాగితే కొక్కెం ఒక అంకె చూపిస్తుంది. రెండు పక్కలా నింపి లాగితే ఇంకో అంకె. ఆ రెండు అంకెల మధ్య తేడా నాకు 1981లో తెలిసి ఉంటే ఒక మనిషి రెండు వేళ్లు మిగిలేవి.

దాని పక్కనే ఒక డాల్డా డబ్బా కూడా పెడుతున్నాను, మూడు రంధ్రాలతో. ఒక స్టూలు మీరు వెతుక్కోండి. పిల్లలకు బొమ్మ ముందు చూపించకండి. డబ్బాను ముందు నేల మీద పెట్టి, ఏ ధార దూరం పడుతుందో వాళ్లనే చెప్పమనండి.